తెలియని సాఫ్ట్‌వేర్‌ను విడిగా నడిపి చూడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

గవర్నర్‌పేట డీటీపీ షాపులో చేతులు మారే పాత తెలుగు టైపింగ్ సెటప్, ఆటోనగర్ గ్యారేజీలో బండి స్కానర్‌తో పాటు వచ్చిన సీడీ, గుంటూరు మిర్చియార్డు కమీషన్ కొట్టులో ఎవరో పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చిన లెక్కల సాఫ్ట్‌వేర్, బ్రాడీపేట హాస్టల్ కుర్రాళ్ళ గేమ్ క్రాక్ (డబ్బు కట్టకుండా వాడటానికి తాళం విప్పిన కాపీ). అన్నింటికీ ప్రశ్న ఒకటే: దీన్ని నమ్మొచ్చా? ఈ పేజీ ఎక్కువగా విండోస్ వాడేవాళ్ళకి. ఫోన్ గురించి కూడా ఒక ప్రశ్న ఉంది.

విడిగా నడపడం అంటే ఏమిటి?

మీ కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు భ్రమ కల్పించి, అనుమానం ఉన్న ప్రోగ్రామ్‌ను అందులో నడపడం. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారు, వాడుకలో వీఎం. లోపలి విండోస్ పాడైతే దాన్ని తీసేస్తారు, బయటి విండోస్‌కి ఏమీ కాదు. ఏమీ కాకూడదు అనడం సరైన మాట. ఎందుకంటే గోడ గట్టిదే అయినా, పని సులువు కావాలని మనమే అందులో నాలుగు తలుపులు పెడతాం. ఆ తలుపుల గురించే కింద ఎక్కువగా రాశాం.

యాంటీవైరస్ ఉందిగా, చాలదా?

తెలిసిన దొంగలను పట్టుకోవడానికి పనికొస్తుంది. నిన్న రాత్రి కొత్తగా తయారైన ఫైల్‌ను ఈ పొద్దున గుర్తుపడుతుందని నమ్మకం లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. క్రాక్‌లతో వచ్చే కాగితంలో మొదటి వాక్యమే "యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయండి" అని ఉంటుంది. జిప్ ఫైల్‌కి 1234 లాంటి పాస్‌వర్డ్ పెట్టి పక్కనే రాసి ఉంచుతారు. మీ మీద జాలితో కాదు, జిప్ లోపల ఏముందో యాంటీవైరస్‌కి కనపడకుండా. ఈ రెండింట్లో ఏది కనపడినా ఆ ఫైల్‌ను అనుమానంతోనే చూడండి.

నడపకముందే తెలుసుకోగలిగేది ఏమైనా ఉందా?

ఉంది. పది నిమిషాల పని, చాలాసార్లు దీంతోనే తేలిపోతుంది.

ముందు ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలోకి వెళ్ళి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ కనపడేలా టిక్ పెట్టండి. బిల్లు పీడీఎఫ్ అనుకున్నది చివర్లో డాట్ ఈఎక్స్‌ఈ అనో, డాట్ ఎస్‌సీఆర్ అనో ఉంటే ఇక పరీక్ష అక్కర్లేదు, డిలీట్ చేయండి. స్క్రీన్‌సేవర్ ఫైల్ కూడా మామూలు ప్రోగ్రామ్ లాగే నడుస్తుంది.

తర్వాత ఫైల్ మీద రైట్‌క్లిక్, ప్రాపర్టీస్, డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ చూడండి. పెద్ద కంపెనీ పేరు చెప్పుకునే సెటప్‌కి ఆ ట్యాబే లేకపోయినా, ఉన్న సంతకం చెల్లదని చూపించినా ఎవరో తెరిచి మళ్ళీ మూసిన సరుకు కావచ్చు. చిన్న డెవలపర్ల సాఫ్ట్‌వేర్‌కి సంతకం లేకపోవడం మామూలే, అంతమాత్రాన దొంగది కాదు.

మూడోది హ్యాష్, అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటి అక్షరాల వరుస. జిప్‌లు విప్పే సెవెన్‌జిప్ ప్రోగ్రామ్ ఉంటే రైట్‌క్లిక్ మెనూలోనే ఎస్‌హెచ్‌ఏ-256 తీసే వరుస ఉంటుంది. 64 అక్షరాలు వస్తాయి. వాటిని వైరస్‌టోటల్ సైట్‌లో వెతుకుడు పెట్టెలో వేయండి. ఎవరైనా ఇదివరకే ఆ ఫైల్‌ను పరీక్షకు పెట్టి ఉంటే పదుల సంఖ్యలో యాంటీవైరస్‌లు ఏమన్నాయో ఒకేచోట కనపడుతుంది. ఫైల్‌ను అప్‌లోడ్ చేయొచ్చు కూడా, 650 ఎంబీ దాకా తీసుకుంటుంది. కానీ అక్కడ పెట్టిన ఫైల్ భద్రతా సంస్థల చేతికి వెళ్తుంది. క్లయింట్ బ్యాలెన్స్ షీటు, ఆధార్ కాపీలు ఉన్న జిప్ లాంటివి పెట్టొద్దు, హ్యాష్ మాత్రమే వెతకండి.

డెబ్బై యాంటీవైరస్‌లలో రెండు మూడు ఎరుపు వచ్చినంతమాత్రాన కంగారు పడక్కర్లేదు. ముప్పై వస్తే మాత్రం పరీక్షించడానికి ఇంకేం మిగల్లేదు.

నా కంప్యూటర్‌కి ఆ శక్తి ఉందా?

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కండి. కింద వర్చువలైజేషన్ పక్కన ఎనేబుల్డ్ అని ఉండాలి. డిజేబుల్డ్ అంటే బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్‌ల తెరలో, ఆన్ చేయాలి. ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్ లేదా వర్చువలైజేషన్ టెక్నాలజీ అనీ, ఏఎండీ అయితే ఎస్‌వీఎం మోడ్ అనీ ఉంటుంది. బయోస్‌లోకి వెళ్ళే మీట కంపెనీని బట్టి మారుతుంది. హెచ్‌పీలో సాధారణంగా ఎఫ్10, డెల్‌లో ఎఫ్2.

బయోస్ ముట్టుకునే ముందు ఒక జాగ్రత్త. ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ (డిస్క్ మొత్తానికి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే, సెట్టింగ్ మార్చాక 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో ముందే చూసి, కాగితం మీద రాసుకోండి.

ర్యామ్ 8 జీబీ ఉంటే పని జరుగుతుంది, 16 ఉంటే హాయి. 4 జీబీతో విండోస్ శాండ్‌బాక్స్ (విండోస్‌తోనే వచ్చే చిన్న వీఎం) తెరుచుకుంటుంది గానీ ఎద్దుబండి నడకే.

విండోస్ శాండ్‌బాక్స్ ఎలా పెట్టుకోవాలి?

విండోస్ 10లో 2019 నాటి 1903 వెర్షన్ నుంచి ఇది వస్తోంది. ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలోనే. స్టార్ట్‌లో "టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్" వెతికి, జాబితా కిందికి వెళ్ళి విండోస్ శాండ్‌బాక్స్‌కి టిక్ పెట్టి, రీస్టార్ట్ చేయండి. తెరిస్తే ఖాళీ విండోస్ ఒకటి వస్తుంది. కిటికీ మూసేస్తే అందులో చేసిందంతా పోతుంది, రీసైకిల్ బిన్‌లో వెతికినా దొరకదు.

హోమ్ ఎడిషన్‌లో ఇది లేదు. నెట్‌లో దొరికే బ్యాచ్ ఫైళ్ళతో హోమ్‌లో బలవంతంగా ఎక్కించేవాళ్ళున్నారు. తెలియని ఫైల్‌ను పరీక్షించడం కోసం ఇంకో తెలియని ఫైల్‌ను అడ్మిన్‌గా నడపడం ఏం తెలివి? హోమ్ వాళ్ళు వీఎంలు నడిపే వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ వాడుకోండి, ఉచితమే. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో కూడా 2024 నవంబరు నుంచి అందరికీ ఉచితం, ఆఫీసులకి కూడా.

శాండ్‌బాక్స్ సరిపోతుందా, పూర్తి వీఎం కావాలా?

చిన్న సెటప్ ఏం చేస్తుందో ఒక్కసారి చూడటానికి శాండ్‌బాక్స్ చాలు. వారం రోజులు వాడి చూడాల్సిన లెక్కల ప్యాకేజీకి, డ్రైవర్లు ఎక్కించే సాఫ్ట్‌వేర్‌కి, ముందటి స్థితికి వెనక్కి వెళ్ళి మళ్ళీ మళ్ళీ పరీక్షించాలన్నా వీఎం కావాలి. శాండ్‌బాక్సీ అని ఇంకోటి ఉంది, హోమ్‌లోనూ తేలిగ్గా నడుస్తుంది. కానీ అది వేరే విండోస్ కాదు, మీ విండోస్ మీదే కంచె వేస్తుంది. మామూలు సెట్టింగ్‌లో లోపలి ప్రోగ్రామ్ మీ ఫైళ్ళను మార్చలేదు గానీ చదవగలదు. పాస్‌వర్డ్‌లు దొంగిలించే వాటికి చదవడమే కావాలి.

వీఎంకి ఎంత కేటాయించాలి?

లోపల విండోస్ 11 వేస్తే కనీసం 4 జీబీ ర్యామ్, 2 కోర్లు, 64 జీబీ డిస్క్. డైనమిక్ డిస్క్ ఎంచుకుంటే 64 జీబీ ఒక్కసారే ఆక్రమించదు, వాడేకొద్దీ పెరుగుతుంది. లైసెన్స్ కోసం వెతుక్కోకండి. మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ 90 రోజుల పరీక్ష కాపీ దొరుకుతుంది.

వీఎం ఫైళ్ళను ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో పెట్టేవాళ్ళకి తరచుగా తగిలే దెబ్బ: డిస్క్ ఫ్యాట్32లో ఉంటే ఒక్క ఫైల్ 4 జీబీ దాటదు, ఇన్‌స్టాలేషన్ సగంలో ఆగిపోతుంది. ముందే ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి ఫార్మాట్ చేయండి.

వర్చువల్‌బాక్స్ కిటికీ కింది మూలన ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనపడితే, విండోస్‌లో హైపర్-వీ (మైక్రోసాఫ్ట్ సొంత వీఎం ఏర్పాటు) కూడా నడుస్తోందని, వీఎం దాని మీద ఆధారపడి నెమ్మదిగా పోతోందని అర్థం. శాండ్‌బాక్స్ ఆన్ చేసి వర్చువల్‌బాక్స్ కూడా పెట్టుకుంటే ఇలాగే జరుగుతుంది. ప్రమాదం లేదు, విసుగు మాత్రమే.

ఏ తలుపులు మూయాలి?

మొదటిది నెట్‌వర్క్. శాండ్‌బాక్స్‌లో ఇంటర్నెట్ దానంతటదే ఆన్‌లో ఉంటుంది. ఆపాలంటే నోట్‌ప్యాడ్‌లో డాట్ డబ్ల్యూఎస్‌బీ ఫైల్ ఒకటి రాసి, కాన్ఫిగరేషన్ ట్యాగ్ లోపల నెట్‌వర్కింగ్ అనే ట్యాగ్ మధ్య డిజేబుల్ అని ఇంగ్లీషులో పెట్టి, ఆ ఫైల్ మీద డబుల్‌క్లిక్ చేసి తెరవాలి. వర్చువల్‌బాక్స్‌లో అయితే నెట్‌వర్క్ సెట్టింగ్‌లో నాట్ అటాచ్డ్ ఎంచుకోండి. బ్రిడ్జ్‌డ్ మోడ్ జోలికి వెళ్ళొద్దు. అందులో వీఎం మీ రూటర్ నుంచి సొంత అడ్రస్ తీసుకుని, షాపులోని మిగతా కంప్యూటర్ల పక్కన తనూ ఒకటిగా కూర్చుంటుంది. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ వ్యాపించింది ఇలా పక్క మిషన్ నుంచి పక్క మిషన్‌కి పాకుతూనే. అప్పుడు మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి.

ఎన్‌ఏటీ (వీఎం మీ కంప్యూటర్ అడ్రస్ మీదే బయటికి వెళ్ళే మోడ్) పెడితే భద్రం అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. బయటివాళ్ళు లోపలికి రాలేరు, నిజమే. లోపలిది మాత్రం బయటికి వెళ్ళగలదు. బయట అంటే ఇంటర్నెట్ ఒక్కటే కాదు, మీ షాపు బిల్లింగ్ సర్వరు, పక్క గదిలో పాస్‌వర్డ్ లేకుండా షేర్ చేసిన ఫోల్డరు కూడా. ఇంటర్నెట్ తప్పనిసరైతే షాపు వైఫై, కేబుల్ రెండూ తీసేసి, ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి, బయటి విండోస్‌లో ఆ నెట్‌వర్క్‌ను పబ్లిక్‌గా గుర్తించండి.

రెండోది షేర్డ్ ఫోల్డర్. ఫైల్ లోపలికి పంపడానికి సులువని మొత్తం డి డ్రైవ్ షేర్ చేస్తారు. ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్‌కి అది ఇంకో డ్రైవ్‌లాగే కనపడుతుంది, ఉన్నదంతా తాళం వేసి పోతుంది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. ఒక కొత్త ఖాళీ ఫోల్డర్ చేసి, అందులో ఆ ఒక్క ఫైల్ పెట్టి, రీడ్-ఓన్లీగా షేర్ చేయండి. లోపలికి కాపీ అయ్యాక షేర్ తీసేసి, అప్పుడు స్నాప్‌షాట్ (మళ్ళీ వెనక్కి రావడానికి వీఎం అప్పటి స్థితిని గుర్తుపెట్టే నకలు) తీయండి. ఈ వరుస ముఖ్యం. వర్చువల్‌బాక్స్‌లో స్నాప్‌షాట్‌కి వెనక్కి వెళ్తే సెట్టింగ్‌లు కూడా అప్పటివే తిరిగొస్తాయి. షేర్ ఉన్నప్పుడు తీసిన స్నాప్‌షాట్ అయితే మీరు తీసేశాననుకున్న షేర్ మళ్ళీ ప్రత్యక్షమవుతుంది.

మూడోది క్లిప్‌బోర్డ్. శాండ్‌బాక్స్‌లో ఇది మామూలుగానే తెరిచి ఉంటుంది. మీరు బయట బ్యాంకు పాస్‌వర్డ్ కాపీ చేస్తే లోపల నడిచే ప్రోగ్రామ్ దాన్ని చూడగలదు. పరీక్ష జరుగుతున్నంతసేపు ఆపేయండి.

నాలుగోది మీరే. వీఎం లోపల జీమెయిల్ తెరవడం, క్రోమ్‌కి సింక్ ఇవ్వడం. అలా చేశాక గోడ ఉండి ఏం లాభం?

ఇంటర్నెట్ లేకుండా సెటప్ ముందుకు కదలట్లేదు, ఏం చేయాలి?

ఆన్‌లైన్ ఇన్‌స్టాలర్ అయితే అసలు సరుకు నెట్ నుంచే దిగాలి. అదే కంపెనీ సైట్‌లో ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ ఉందేమో చూడండి. లేకపోతే నెట్ ఇచ్చి డౌన్‌లోడ్ కానివ్వండి, అయ్యాక తీసేయండి. ఇంటర్నెట్‌తో పని లేని సాఫ్ట్‌వేర్, ఉదాహరణకి ఫాంట్ మార్చే చిన్న ప్రోగ్రామ్, నెట్ లేకపోతే తెరుచుకోనంటే అది ఎవరితో మాట్లాడాలనుకుంటోందో కనుక్కోవాల్సిందే.

నడిపాక ఏం చూడాలి?

మైక్రోసాఫ్ట్ వారి సిస్ఇంటర్నల్స్ పనిముట్లు మూడు చాలు: ఆటోరన్స్, ప్రాసెస్ మానిటర్, ఏ ప్రోగ్రామ్ ఏ అడ్రస్‌కి కనెక్షన్ తెరిచిందో చూపించే టీసీపీవ్యూ. వీటిని స్నాప్‌షాట్‌కి ముందే లోపల పెట్టుకోండి.

ఆటోరన్స్‌లో ముందు ఒక ఫైల్ సేవ్ చేయండి. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసి, రెండుసార్లు రీస్టార్ట్ చేసి, మళ్ళీ ఆటోరన్స్ తెరిచి కంపేర్ కొట్టండి. కంప్యూటర్ ఆన్ కాగానే లేచే జాబితాలో కొత్తగా చేరినవి ఆకుపచ్చగా కనపడతాయి. లెక్కల ప్యాకేజీ తన సర్వీసు ఒకటి పెట్టుకుంటే సరే. యాప్‌డేటాలోని టెంప్ ఫోల్డర్ నుంచి అర్థంలేని పేరుతో ఒకటి, షెడ్యూల్డ్ టాస్క్‌గా ఇంకోటి చేరితే తేడా ఉన్నట్టే.

ప్రాసెస్ మానిటర్ నిమిషానికి లక్షల వరుసలు చూపిస్తుంది, ఫిల్టర్ లేకుండా చూస్తే కళ్ళు తిరుగుతాయి. ప్రాసెస్ పేరుతో ఒక ఫిల్టర్, రైట్‌ఫైల్ అనే ఆపరేషన్‌తో ఇంకోటి పెట్టండి. క్రోమ్ యూజర్ డేటా ఫోల్డర్‌ను ఎవరు చదువుతున్నారో విడిగా వెతకండి. టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కి మీ బ్రౌజర్ పాస్‌వర్డ్ ఫైల్‌తో పనేమిటి?

ఆ టైపింగ్ సాఫ్ట్‌వేర్ దగ్గర ఒక చిక్కుముడి ఉంది. తెలుగు కీబోర్డ్ ప్రోగ్రామ్ ఏదైనా మీరు నొక్కే ప్రతి మీటనూ ముందు తను పట్టుకుని, దాన్ని తెలుగు అక్షరంగా మార్చి పంపాలి. పాస్‌వర్డ్‌లు దొంగిలించే కీలాగర్ కూడా మొదటి సగం అచ్చంగా ఇదే చేస్తుంది. అందుకే మంచి కీబోర్డ్ ప్రోగ్రామ్‌ను కూడా యాంటీవైరస్ అప్పుడప్పుడు తప్పుబడుతుంది, చెడ్డదాన్ని కూడా "ఇవన్నీ అంతేలే" అని షాపువాళ్ళు వదిలేస్తారు. తేల్చేది రెండో సగం. నోట్‌ప్యాడ్‌లో ఒక విచిత్రమైన మాట, ఇంకెక్కడా ఉండనిది, పదిసార్లు టైప్ చేయండి. ప్రాసెస్ మానిటర్‌లో ఆ ప్రోగ్రామ్ ఏ ఫైల్‌లోకి రాస్తోందో చూడండి, ఆ ఫైల్‌ను తెరిచి మీ మాట కోసం వెతకండి. దొరికితే అది కీలాగర్ అయ్యే అవకాశం ఎక్కువ. దొరకకపోతే నిర్దోషి అని కాదు, గజిబిజి చేసి రాసి ఉండొచ్చు. అప్పుడు నెట్ ఇచ్చి టీసీపీవ్యూ చూడండి. మీటలు పట్టుకునే ప్రోగ్రామ్ అదే సమయంలో బయటి అడ్రస్‌కి కనెక్షన్ తెరుస్తోందంటే మీ షాపులో దానికి చోటు ఇవ్వకండి.

బండి స్కానర్ సాఫ్ట్‌వేర్ వీఎంలో పనిచేస్తుందా?

చాలావరకు పనిచేస్తుంది. డివైజెస్ మెనూలో యూఎస్‌బీలోకి వెళ్ళి స్కానర్‌ను వీఎంకి అప్పగించాలి. స్కానర్ ఒక్కటే అప్పగించండి, పక్కనున్న పెన్‌డ్రైవ్ కాదు. కొన్ని స్కానర్లు మధ్యలో కనెక్షన్ పోగొట్టుకుంటాయి. రీడింగ్‌కి అయితే మళ్ళీ కలుపుకోవచ్చు. బండి ఈసీయూలోకి (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ప్రోగ్రామ్ రాసే పని మాత్రం వీఎం నుంచి చేయొద్దు, సగంలో తెగితే ఈసీయూ పనికిరాకుండా పోవచ్చు. ఇలాంటి వాటికి పాత ల్యాప్‌టాప్ ఒకటి కేటాయించి, దాన్ని నెట్‌కి కలపకుండా ఉంచడమే మేలు.

జీఎస్టీ సంతకం టోకెన్ వీఎంలో పెట్టి చూడొచ్చా?

వద్దు. డిజిటల్ సంతకం టోకెన్‌ను అనుమానం ఉన్న సాఫ్ట్‌వేర్ ఉన్న చోట పెట్టి పిన్ కొడితే, ఆ క్షణంలో మీ పేరు మీద ఏం సంతకం అవుతోందో తెలియదు.

వీఎంలో ఏ తప్పూ చేయలేదు. ఇక నమ్మొచ్చా?

పూర్తిగా కాదు. తను వీఎంలో ఉన్నానని పసిగట్టి బుద్ధిగా కూర్చునేవి ఉన్నాయి. పసిగట్టడం కష్టం కాదు. వర్చువల్‌బాక్స్ నెట్‌వర్క్ కార్డు అడ్రస్ మామూలుగా 08:00:27తో మొదలవుతుంది. లోపల పని సులువు కావాలని వర్చువల్‌బాక్స్ ఇచ్చే గెస్ట్ అడిషన్స్ ఫైళ్ళు ఉంటాయి. ఒకటే కోరు, చిన్న డిస్క్, డెస్క్‌టాప్ మీద ఒక్క ఫైల్ లేదు, మౌస్ కదలదు. కాబట్టి 2 కోర్లు, 80 జీబీ డిస్క్ ఇవ్వండి, కొన్ని ఫొటోలు, వర్డ్ ఫైళ్ళు పడేయండి, కాసేపు మామూలుగా వాడండి. రోజుల తరబడి ఆగి లేచేవీ ఉంటాయి, వాటికోసం వీఎం తేదీని నెల ముందుకు జరిపి రీస్టార్ట్ చేసి చూడండి. గెస్ట్ అడిషన్స్ ఉంటే తేదీని మళ్ళీ వెనక్కి లాగుతాయి, అవి లేని వీఎంలో చేయండి.

లోపలి వైరస్ గోడ దూకి బయటికి రాగలదా?

అరుదు, అసాధ్యం కాదు. 2015లో వెనమ్ అనే లోపం బయటపడింది. వీఎంలకు ఫ్లాపీ డ్రైవ్ ఉన్నట్టు నటించే పాత కోడ్‌లో అది చాలా ఏళ్ళుగా దాక్కుని ఉంది. ఎవరూ వాడని ఫ్లాపీ! అందుకే వీఎంకి అక్కర్లేని పరికరాలన్నీ సెట్టింగ్‌లలో తీసేయాలి: ఫ్లాపీ, సౌండ్, త్రీడీ యాక్సిలరేషన్. వర్చువల్‌బాక్స్‌ను, బయటి విండోస్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాలి. మామూలు క్రాక్ ఫైళ్ళు ఇంత దూరం పోవు, వాటికి తెరిచిన షేర్డ్ ఫోల్డరే చాలు.

ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి చూస్తే?

అది మీ హార్డ్ డిస్క్‌ను తెరవగలదు, కాబట్టి విడి కాదు. పైగా విండోస్ ప్రోగ్రామ్ అందులో నేరుగా నడవదు.

వాట్సాప్‌లో చలానా అని ఏపీకే వచ్చింది, ఎలా పరీక్షించాలి?

పరీక్ష వద్దు, తీసేయండి. చలానా, పెళ్ళిపత్రిక, పీఎం కిసాన్, ఏ పేరుతో వచ్చినా ఏపీకే అంటే ప్రోగ్రామే, కాగితం కాదు. చలానా ఉందో లేదో అధికారిక వెబ్‌సైట్‌లో బండి నంబరు కొడితే తెలుస్తుంది. చూసి తీరాలంటే కంప్యూటర్‌లో ఆండ్రాయిడ్ స్టూడియో ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి ఫోన్), గూగుల్ అకౌంట్ ఇవ్వకుండా తెరవండి. ఎస్‌ఎంఎస్ చదవడం, నోటిఫికేషన్లు చూడటం, యాక్సెసిబిలిటీ అడిగితే దానికి కావాల్సింది మీ ఓటీపీ. సిమ్ ఉన్న ఫోన్‌లో మాత్రం, పాతదైనా సరే, పెట్టొద్దు.

పరీక్ష మధ్యలో కరెంటు పోతే?

ఇక్కడ వేసవిలో తప్పదు. వీఎం నడుస్తుండగా డెస్క్‌టాప్ ఆగిపోతే లోపలి డిస్క్ పాడవచ్చు. యూపీఎస్ బీప్ వినగానే సేవ్ ద మెషీన్ స్టేట్ నొక్కండి. 4 జీబీ వీఎం మామూలు హార్డ్ డిస్క్‌లో సేవ్ కావడానికి ఎస్‌ఎస్‌డీ కంటే చాలా ఎక్కువసేపు పడుతుంది, యూపీఎస్ అంతసేపు నిలవాలి. శుభ్రమైన వీఎంను ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేసి వేరే డిస్క్‌లో దాచుకుంటే మళ్ళీ మొదటినుంచి వేసే బాధ తప్పుతుంది. స్నాప్‌షాట్‌ను బ్యాకప్ అనుకోకండి, అది ఉండేది అదే డిస్క్‌లో.

ఇదంతా చదవకముందే అసలు కంప్యూటర్‌లో నడిపేశాను, ఇప్పుడు?

ముందు కేబుల్ లాగేయండి, వైఫై ఆపండి. బ్యాకప్ డిస్క్ గుచ్చొద్దు. ఇంకో ఫోన్‌లోంచో, వేరే కంప్యూటర్‌లోంచో మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేయండి. బ్రౌజర్ కుకీలు (మీరు లాగిన్ అయ్యారని సైట్ గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్ళు) దొంగిలిస్తే పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి రావచ్చు, సైన్ అవుట్ చేస్తేనే ఆ దారి మూసుకుంటుంది. డబ్బు పోతే ఆలస్యం లేకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకీ చెప్పండి.

ఫైళ్ళకి తాళం పడితే వాటిని డిలీట్ చేయకండి. నో మోర్ ర్యాన్సమ్ సైట్‌లో కొన్ని రకాలకి విప్పే పనిముట్లు ఉచితంగా ఉన్నాయి, మీ రకానికి ఈరోజు లేకపోయినా తర్వాత రావచ్చు. తర్వాత విండోస్ మళ్ళీ వేయడమే. అందుకు కావాల్సిన 8 జీబీ పెన్‌డ్రైవ్‌ను వేరే కంప్యూటర్‌లో తయారు చేయించండి. పాత డిస్క్ నుంచి ఫొటోలు, పీడీఎఫ్‌లు, లెక్కల డేటా తెచ్చుకోండి, సెటప్ ఫైళ్ళు మాత్రం ఒక్కటి కూడా తేవద్దు, మొన్నటి కీబోర్డ్ సెటప్‌తో సహా.